మమ్మల్ని అడగండి, మాకు చెప్పండి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి లెక్కలు ఇంతకు ముందే చదివారు. పంచ సూత్రాలు మనందరికీ నోటికి వచ్చు. వాటికి ఇంకో ఐదు కలిపి దశ సూత్రాలు అన్నారు. అందులో ఆరోగ్యం ఒకటి. ఆరోగ్యం అనగానే రక్తహీనత, కిచెన్ గార్డెన్, మరుగుదొడ్లు అని ప్రతి ఏడాదీ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ ఏడాది వేరే విషయం చెప్పుకుందాం. డాక్టరు చదువు చదివేవాళ్ళకు, జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళకు రోగితోను, రోగిని చూసుకునే మనిషితోను పని ఉంది. ఆ పనిలో మన స్థానం ఏంటి? రక్తం ఇచ్చే చెయ్యి ఒకటేనా, మాట చెప్పే నోరు కూడా ఉందా? ఇదే ఈ రోజు విషయం.

మనది ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల నేల. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు అంటే బయటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది మాత్రం కిడ్నీ జబ్బే. 1990ల నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాం. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పాడైపోతున్నాయి. శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య ప్రాంతంలో, అమెరికా ఖండం మధ్యలో ఉన్న నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. నీళ్ళు కారణమని, ఎండలో చెమటోడ్చి పనిచేయడం కారణమని, పురుగుమందులని, నొప్పి బిళ్ళలని, వంశంలో ఉందని రకరకాలుగా వెతికారు. ఇదే కారణం అని ఇంతవరకూ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, దాంతోపాటే కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ళు తెచ్చారు. ఇవి మంచి పనులు. కాదనం.

అయితే మా ఉపసంఘం ఊళ్ళలో కూర్చున్నప్పుడు అక్కలు చెప్పిన మాట వేరే ఉంది. ఒక అక్క ఇలా అంది: "మా ఆయన రక్తం ఎన్నిసార్లు తీసుకెళ్ళారో లెక్క లేదమ్మా. మా బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. ఏటి తేలిందో ఒక్కరూ తిరిగొచ్చి చెప్పనేదు." ఆమె కోపంగా అనలేదు. మామూలుగా, వానలు పడలేదన్నట్టు అంది. అలా మామూలైపోవడమే మాకు బాధ కలిగించింది. వచ్చినవాళ్ళెవరో పేర్లు ఇక్కడ అనవసరం. ఒక్కళ్ళని తప్పుపట్టడానికి ఇది సభ కాదు. కానీ రక్తం మనది, నీళ్ళు మనవి, జబ్బు మనది. ఫలితం మాత్రం మన గుమ్మం దాకా రాలేదు.

పరిశోధన వద్దని మేము అనడం లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాం. మన రక్తం ఇవ్వకపోతే మన జబ్బుకు కారణం ఎప్పటికీ తెలియదు. మన పిల్లలకు రాకుండా ఆపేదీ ఉండదు. కాబట్టి ఇవ్వాలి. తెలుసుకుని ఇవ్వాలి. ఇచ్చాక ఏం తేలిందో తిరిగి అడగాలి.

ఇప్పుడు ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళ సంగతి చూద్దాం. మన సంఘాల్లో డయాలసిస్ రోగుల భార్యలు, తల్లులు, కోడళ్ళు ఉన్నారు. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద. పోను రాను దారి, వరసలో కూర్చోవడం కలిపితే ఆ రోజు కూలి పోయినట్టే. ఒక్కరి కూలి కాదు, ఇద్దరిదీ.

వీళ్ళకు తెలిసినవి కొన్ని చెబుతాం, వినండి. ఆసుపత్రిలో "నీళ్ళు తక్కువ తాగాలి" అని ఒక్క ముక్క చెబుతారు. మే నెల ఎండలో అది ఎలా సాగుతుంది? ఒక చెల్లి పొద్దున్నే ఒక సీసాకు గీత పెట్టి నీళ్ళు పోస్తుంది. మందు బిళ్ళలకు, టీకి, మజ్జిగకు అన్నీ ఆ సీసాలోంచే తగ్గించుకుంటూ రావాలి. చిన్న గ్లాసు వాడితే మనసు నిండుతుందని ఆమె కనిపెట్టుకుంది. ఎండుచేప, ఊరగాయ, అప్పడం మానేస్తే దాహం తగ్గుతుందని కూడా తెలుసుకుంది. ఉప్పు తగ్గితే దాహం తగ్గడం నిజమేనని డాక్టర్లూ చెబుతారు.

కొబ్బరినీళ్ళ మాట చూడండి. మన దేశంలో జ్వరమొస్తే కొబ్బరిబొండం, చుట్టం వస్తే కొబ్బరిబొండం. డయాలసిస్ రోగికి అదే ప్రమాదం. అందులో పొటాషియం ఎక్కువ, అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఊరంతా కొబ్బరి చెట్లున్న చోట, పరామర్శకు వచ్చిన ప్రతి మనిషీ బొండం పట్టుకొస్తుంటే, వాళ్ళ మనసు నొప్పించకుండా ఎలా వద్దనాలి? ఇది ఏ వైద్య పుస్తకంలోనూ ఉండదు. మన అక్కలకు తెలుసు.

ఇంకొకటి ఫిస్టులా. డయాలసిస్ కోసం చేతికి ఆపరేషను చేసి రక్తనాళాలు కలుపుతారు. ఆ చేతి మీద వేళ్ళు పెడితే సన్నగా జుమ్మని కొట్టుకోవాలి. రోజూ పెట్టి చూడాలి. ఆ జుమ్మనడం ఆగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, అక్కడ మామూలు పరీక్షలకు రక్తం తీయకూడదు, ఆ చేత్తో బరువులు మోయకూడదు. కొత్తగా వచ్చిన సిబ్బంది ఎవరైనా తెలియక ఆ చెయ్యి పట్టుకుంటే, "ఆ చెయ్యి కాదు సిస్టర్, ఈ చెయ్యి" అని చెప్పేది పక్కన కూర్చున్న భార్యే. అంటే ఆమె అప్పటికే పాఠం చెబుతున్నట్టు. కాకపోతే ఆ పాఠానికి పేరు లేదు, గౌరవం లేదు, దారి ఖర్చు లేదు.

డాక్టరు చదువులో కూడా ఇప్పుడు కొంత మార్పు వచ్చింది. 2019లో చేరిన ఎం.బి.బి.ఎస్. పిల్లల నుంచి రోగితో ఎలా మాట్లాడాలి, ఎలా మెలగాలి, ఏది న్యాయం అనేది కూడా పాఠంగా పెట్టారు. 2021–22లో చేరినవాళ్ళ నుంచి కుటుంబ దత్తత కార్యక్రమం పెట్టారు. వైద్య విద్యార్థి ఒక్కొక్కరు పల్లెలో కొన్ని కుటుంబాలను తీసుకుని, మొదటి ఏడాది నుంచే ఆ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందో చూస్తూ నేర్చుకోవాలి. దత్తత అనే మాట వినడానికి వాళ్ళు మనల్ని పెంచుతున్నట్టు ఉంటుంది. నిజానికి మన ఇళ్ళే వాళ్ళకు బడి. కాబట్టి తెల్లకోటు వేసుకున్న పిల్లలు ఊళ్ళోకి వస్తే బీపీ చూపించుకుని పంపేయకండి. కూర్చోబెట్టండి. సీసా మీద గీత చూపించండి. ఆసుపత్రి చీటీలో ఏ ముక్క అర్థం కాలేదో చెప్పండి. రేపు వాళ్ళే డాక్టర్లవుతారు. ఇవాళ మన వాకిట్లో విన్నది వాళ్ళకు రేపు గుర్తొస్తుంది. అలాగే చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు. ఫొటో వద్దంటే వద్దు. కాదన్నందుకు వైద్యం ఎక్కడా తగ్గకూడదు.

ఇక పరిశోధన. మనల్ని సరిగా అడక్కపోతే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే జరిగింది. అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా వేశారు. ఒక విదేశీ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్. కలిసి చేసిన అధ్యయనం అది. ఖమ్మంలో ఆ పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవై, 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఆ చావులకు టీకా కారణమని తేలలేదు. కానీ అంగీకార పత్రాలు తీసి చూస్తే వేరే సంగతి బయటపడింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. పిల్ల తల్లిది, సంతకం వార్డెనుది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ టీకా చెడ్డదని ఎవరూ ఇంటికి మోసుకెళ్ళకండి. అది క్యాన్సరును ఆపే టీకా, ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. తల్లిని అడగకపోవడమే అక్కడ తప్పు. దానివల్ల జరిగిన నష్టం ఏంటంటే, మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం పుట్టింది. అడిగి ఉంటే, అర్థమయ్యేలా చెప్పి ఉంటే, తల్లులే పిల్లల్ని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చేవాళ్ళు కదా!

సరిగా అడిగితే ఏమవుతుందో చెప్పే సంగతి కూడా ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఆ రాష్ట్రంలో కియోంఝర్ జిల్లా, పక్క జార్ఖండ్‌లో పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సవాఁ జిల్లాలు. అక్కడ ఏకజుట్ అనే సంస్థ 2005 నుంచి మూడేళ్ళు ఒక పరిశోధన చేసింది. పల్లెల్లో మనలాంటి మహిళా సంఘాలను నెలకోసారి కూర్చోబెట్టారు. ఉపన్యాసాలు ఇవ్వలేదు. బొమ్మల కార్డులు, కథలు, ఆటలు పెట్టి, "మీ ఊళ్ళో పుట్టిన బిడ్డలు ఎందుకు చనిపోతున్నారు? మీరేం చేయగలరు?" అని అడిగారు. సంఘాలే సమస్యలు ఎంచుకున్నాయి, సంఘాలే ఉపాయం ఆలోచించాయి, చేసి చూశాయి, చివరికి ఎంతవరకు అయిందో వాళ్ళే లెక్క చూసుకున్నారు. సంఘాలు కూర్చున్న పల్లెల్లో, కూర్చోని పల్లెలతో పోలిస్తే, పుట్టిన నెలలోపు బిడ్డల చావులు 32 శాతం తక్కువగా ఉన్నాయి. 2010లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. ఆ ఆడవాళ్ళలో చాలామందికి చదువు లేదు. వాళ్ళ నెల మీటింగే అక్కడ మందు పని చేసింది. వారం వారం మీటింగులు పెట్టుకునే మనకు ఇది తక్కువ సంగతా?

ఇప్పుడు మనకున్న హక్కులు చెబుతాం. ఇవి ఎవరి దయా కాదు. 2017లో ఐ.సి.ఎం.ఆర్. ఇచ్చిన మార్గదర్శకాల్లోను, కొత్త మందుల ప్రయోగాలకు 2019లో కేంద్రం తెచ్చిన నియమాల్లోను ఉన్నవే.

పరిశోధనలో మనల్ని చేర్చుకునే ముందు మన భాషలో, మనకు అర్థమయ్యేలా చెప్పాలి. కాగితం కాపీ ఒకటి మనకివ్వాలి. చదవడం రానివాళ్ళ దగ్గర వేలిముద్ర తీసుకుంటే, ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉండాలి. పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు, ఏడేళ్ళు దాటిన పిల్లల ఇష్టం కూడా అడగాలి. మధ్యలో మానేస్తామంటే మానేయొచ్చు, దానివల్ల మనకందే వైద్యం ఆగకూడదు. పరిశోధన వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి.

ఇంకో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. పరిశోధన మొదలుపెట్టాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. మందుల ప్రయోగాలకు ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో ఒక మహిళ, ఒక న్యాయం చదివిన మనిషి, ఒక మామూలు మనిషి ఉండి తీరాలి. మామూలు మనిషి అంటే ఎవరు? చదవడం రాయడం వచ్చి, గత 5 ఏళ్ళలో వైద్య, ఆరోగ్య రంగంలో పని చేయకుండా, స్థానిక భాష, పద్ధతులు తెలిసినవాళ్ళు. పరిశోధన జరిగే సమాజం నుంచే రావచ్చు. డిగ్రీ కావాలని లేదు. ఈ హాల్లో పదో తరగతి చదివినవాళ్ళం ఎంతమందిమి ఉన్నాం? మినిట్స్ పుస్తకం రాసేవాళ్ళం, లక్షల అప్పుల లెక్క చూసేవాళ్ళం, అంగీకార పత్రం చదివి "ఈ ముక్క మా అక్కలకు అర్థం కాదు సార్, తేలిక మాటల్లో రాయండి" అని చెప్పలేమా?

కొత్త మందు, కొత్త టీకా మనుషుల మీద ప్రయోగిస్తుంటే అది సి.టి.ఆర్.ఐ. అనే జాతీయ పట్టికలో నమోదై ఉండాలి. 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. అది ఎవరైనా ఫోనులో చూసుకోవచ్చు. నమోదు నంబరు అడిగితే తప్పు లేదు. బ్యాంకువాళ్ళు మన ఆధార్ నంబరు అడిగినట్టే ఇదీ.

ఇక అడగాల్సిన ప్రశ్నలు. వి.ఓ.ఎ.లు వీటిని గ్రామ సమాఖ్య గోడ మీద రాయించాలని కోరుతున్నాం.

1. మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఈ పని ఎవరు చేయిస్తున్నారు?
2. ఇది వైద్యమా, పరిశోధనా?
3. మా దగ్గర ఏం తీసుకుంటారు, దాన్ని దేనికి వాడతారు, ఎన్నాళ్ళు దాస్తారు?
4. మాకు ఏ కష్టం కలగొచ్చు? కలిగితే ఎవరు చూస్తారు?
5. వద్దంటే మా వైద్యానికి అడ్డు వస్తుందా?
6. మా పేర్లు బయటపడకుండా ఎలా చూస్తారు?
7. ఏం తేలిందో మాకు ఎప్పుడు, ఎవరు వచ్చి చెబుతారు?
8. ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు ఏంటి?

ఆరో ప్రశ్న చిన్నదనుకోకండి. ఫలానా ఇంట్లో కిడ్నీ జబ్బుందని తెలిస్తే ఆ ఇంటి పిల్లకు సంబంధాలు తప్పిపోయిన సంగతులు మన ఊళ్ళలో ఉన్నాయి. క్రియాటినిన్ ఎంతుందో ఆ మనిషికి విడిగా చెప్పాలి. ఊరి మొత్తం ఫలితం పేర్లు లేకుండా గ్రామ సమాఖ్యలో చెప్పాలి. ఈ రెండూ వేరు వేరు పనులు.

పరిశోధకులు మనల్ని ఇంకో మాట కూడా అడగాలి: "మీకేం తెలుసుకోవాలని ఉంది?" అని. ఊళ్ళలో మేము అడిగితే వచ్చిన జవాబులు ఇవి. డయాలసిస్ సెంటరుకు దూరం తగ్గించే దారి ఏది? ఇంటి యజమాని మంచం పడితే పిల్లల చదువు ఆగకుండా ఏం చేయాలి? మన బియ్యం, మన కూరలు, మన చేపలతోనే ఏది ఎంత తినొచ్చో ఎవరైనా లెక్క కట్టి చెబుతారా? చూసుకునే ఆడమనిషికి నడుం పడిపోతే ఆమెను ఎవరు చూస్తారు? కారణం ఏంటన్నది పెద్ద ప్రశ్నే. అది తేలేలోపు బతకాల్సిన రోజులకు ఈ ప్రశ్నలూ అంత పెద్దవే.

కాబట్టి ఈ మహాసభ ముందు ఆరోగ్య ఉపసంఘం నాలుగు తీర్మానాలు పెడుతోంది.

ఒకటి. మన మండలంలో ఎవరు పరిశోధనకు వచ్చినా ముందు గ్రామ సమాఖ్య సమావేశంలో విషయం చెప్పమని కోరాలి. ఒప్పుకోవడం, మానడం మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. సంఘం తరఫున ఎవరూ ఎవరి సంతకం పెట్టకూడదు. వార్డెన్లు చేసిన పని మనం చేయకూడదు.

రెండు. వేలిముద్ర వేసే అక్కల పక్కన సాక్షిగా కూర్చోవడానికి ప్రతి గ్రామ సమాఖ్య ఇద్దరిని ఎన్నుకోవాలి. ఏ రోజు, ఎవరు, ఏ నమూనా తీసుకున్నారో ఒక రిజిస్టరు పెట్టాలి. అప్పు ఇస్తే వాయిదా రాసుకుంటాం కదా, రక్తం ఇచ్చినా ఫలితం వాయిదా రాసుకోవాలి.

మూడు. డయాలసిస్ రోగులను చూసుకునే అక్కలు వైద్య, నర్సింగ్ విద్యార్థులకు తమ అనుభవం చెప్పే అవకాశం కల్పించమని జిల్లాలోని కళాశాలలకు జిల్లా సమాఖ్య ద్వారా ఉత్తరం రాయాలి. వెళ్ళినవాళ్ళకు దారి ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వమని అందులోనే రాయాలి. పాఠం చెప్పేవాళ్ళు ఊరికే రావాలనడం న్యాయం కాదు.

నాలుగు. ఎథిక్స్ కమిటీల్లో మామూలు మనిషి స్థానానికి ఖాళీ ఉన్నప్పుడు పరిశీలించమని, చదవడం రాయడం బాగా వచ్చి, ధైర్యంగా మాట్లాడగలిగిన సభ్యుల పేర్లు ఇవ్వాలి.

కొంతమందికి భయం ఉంటుంది. ప్రశ్నలు అడిగితే పెద్ద డాక్టర్లకు కోపం వస్తుందేమో, రేపు ఆసుపత్రిలో చూడరేమో అని. మొదట బ్యాంకు మెట్లెక్కినప్పుడు కూడా ఈ భయమే ఉండేదని మన పెద్ద అక్కలు చెబుతుంటారు. మేనేజరు ముందు నిలబడడానికే వణికేవాళ్ళట. ఈ రోజు వడ్డీ ఒక్క రూపాయి తేడా వస్తే పాసుపుస్తకం పట్టుకెళ్ళి అడిగి వస్తున్నాం. ఆసుపత్రిలో ఒక్కరే అడిగితే గొంతు వణుకుతుంది, పదిమంది కలిసి వెళ్తే వణకదు. మంచి పరిశోధకులకు మన ప్రశ్నలు అడ్డు కావు. ఎందుకంటే తెలిసి ఒప్పుకున్న మనిషి మధ్యలో పారిపోదు, నిజం దాచదు, రెండోసారి వచ్చినా తలుపు తీస్తుంది.

తీర్మానాలకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. మినిట్స్ పుస్తకంలో రాసి, గ్రామ సమాఖ్యల్లో వచ్చే మీటింగులోనే చదివి వినిపించమని కోరుతున్నాం.